ఖాళీ పక్క

“నొప్పి ఎక్కడమ్మా?”

“ఏమీ లేనిచోట బాబూ” అంది అమలమ్మ, ఎడమ నడుం మీద చెయ్యి వేసుకుని.

డాక్టర్ సంజీవరావు నవ్వాపుకుని ఆమె కోడలు ఎలిజబెత్ వైపు చూశాడు. ఎలిజబెత్ నవ్వలేదు. మూడు నెలలుగా ఆమె మెడలో తాళి ఆ నొప్పి మీదే ఆధారపడి ఉంది.

బాలశౌరికి కిడ్నీలు రెండూ పాడైనప్పుడు, తల్లి అమలమ్మ రాయవేలూరు ఆసుపత్రికి వెళ్ళి తన ఎడమ కిడ్నీ తీయించి కొడుక్కి పెట్టించింది. “నవమాసాలు మోసినదాన్ని, పిడికెడు కండ ఇవ్వలేనా?” అంది. ఇద్దరూ కోలుకున్నారు. బాలశౌరి కాలవల ఆఫీసులో మళ్ళీ ఉద్యోగానికెళ్ళాడు, ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. పోయిన నవంబరులో నాగాయలంక క్యాంపులో ఉండగా దివిసీమ మీద ఉప్పెన పడింది. శవాలు గుట్టలుగా దొరికాయి. బాలశౌరి మాత్రం దొరకలేదు.

వాళ్ళ ఊరు గుణదలలో అందరూ ఆశ వదిలేసుకున్నారు. చనిపోయినవాళ్ళ పూజ చెప్పించుకోమని గుడి నుంచి ఫాదరుగారు కబురంపారు. అమలమ్మ ఒప్పుకోలేదు. ఉప్పెన మర్నాటి నుంచీ ఆమెకి ఆ ఖాళీ పక్కన పోటు.

“వాడి ఒంట్లో నా కండ నొప్పెడుతోందే అమ్మాయ్. చచ్చిన కండకి నొప్పేంటి? ఎక్కడో పడున్నాడు గానీ, బతికే ఉన్నాడు” అనేది.

ముసలావిడ చాదస్తం అనుకుంది మొదట్లో ఎలిజబెత్. పోనుపోను తనే పొద్దున లేస్తూనే “నొప్పుందా అత్తయ్యా?” అని అడగసాగింది. ఉందంటే ఆ పూట అన్నం సయించేది. తవుడు మూట వేడిచేసి కాపడం పెడుతూనే, తగ్గిపోతుందేమోనని హడలిపోయేది. అత్త నొప్పి తగ్గకూడదని మేరీమాతకి కొవ్వొత్తులు మొక్కుకున్న కోడల్ని ఎక్కడైనా చూశామా!

“పరీక్షలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. రెండు కిడ్నీలున్న వాళ్ళకి కూడా ఇంత బాగా రావు” అన్నాడు డాక్టరు.

“మరి నొప్పో?”

“భ్రమ. ఒక్కో కిడ్నీలో ఇంచుమించు పది లక్షల జల్లెడలుంటాయి. నెఫ్రాన్లంటాం. అన్నీ పుట్టుకతో వచ్చినవే. తీసేశాక ఒక్కటి కూడా కొత్తగా మొలవదు. మిగిలిన కిడ్నీయే కాస్త బలిసి రెండోదాని పని కూడా చేస్తుంది. ఇంక ఎడమపక్క నొప్పెట్టడానికి ఏముందక్కడ?”

“నోరు కూడా ఉప్పగా ఉంటోంది బాబూ. సముద్రపు నీళ్ళు తాగినట్టు.”

డాక్టరు పరీక్షల కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

ఎలిజబెత్ గొంతు తగ్గించి అడిగింది. “అత్తయ్య ఇచ్చింది ఆయన ఒంట్లో ఎంతకాలం ఉంటుందండీ?”

“ఆయన ప్రాణం ఉన్నంతకాలం” అనేసి నాలిక్కరుచుకున్నాడాయన. “సరే, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీద్దాం. అక్కడేమీ లేదని కళ్ళారా చూస్తే ఆ నొప్పి అదే పోతుంది.”

పోతుందనగానే ఎలిజబెత్ “ఇప్పుడెందుకులెండి” అనబోయింది. అమలమ్మ అప్పటికే లేచి నిలబడింది.

“తియ్యి బాబూ. మావాడి ఆచూకీ తెలుస్తుందేమో.”

కాసేపటికి డాక్టరు ఎలిజబెత్‌ని లోపలికి పిలిచాడు. గోడమీది దీపం వేసి, ముందు పోయినేడు తీసిన పాత ఫిల్ము తగిలించాడు.

“చూడమ్మా. ఇది కుడి కిడ్నీ. ఎడమవైపు ఖాళీ. ఇప్పుడూ ఇదే ఉంటుంది.”

తడి ఆరని కొత్త ఫిల్ము దాని పక్కనే పెట్టాడు. వెంటనే దాన్ని తీసి, అంచున ఉన్న పేరు చదివాడు. అమలమ్మ పేరే. మళ్ళీ తగిలించాడు.

పమిట సర్దుకుంటూ అమలమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఎన్నాళ్ళకో ఆమె మొహం తేటగా ఉంది.

“ఇందాకటి నుంచీ నొప్పి లేదే అమ్మాయ్. హాయిగా ఉంది. వాడెక్కడో ఒడ్డున పడ్డట్టున్నాడు” అంది.

ఎలిజబెత్ కొత్త ఫిల్ము వైపు తలెత్తి చూసింది.

అమలమ్మకి కిడ్నీలు రెండున్నాయి.