నల్లసిరా కింద

“నిజం చెప్పండి, ఇది మీరే రాశారా?” అన్నాడు ప్రచురణకర్త, ఎనిమిది వందల పేజీల కట్టను బల్ల మీద వెనక్కి తోస్తూ.

నవలాకారుడి మొహం మాడిపోయింది. “నేను కాక ఇంకెవరు రాస్తారండీ?”

“మీ మొదటి నవల్లో ఒక్క మాట ఎక్కువ లేదు. ఊపిరి బిగబట్టి చదివాను నేను. ఇందులో హీరో వీధి చివరిదాకా వెళ్లడానికి నలభై పేజీలు పట్టింది! బయట జనం ఏమనుకుంటున్నారో మీకు తెలుసు. దీన్నిలాగే అచ్చు వేస్తే వాళ్ల మాటే నిజమైపోతుంది.”

జనం ఏమనుకుంటున్నారో అతనికి బాగానే తెలుసు. దొంగ కదా, ఆ మొదటి నవల కూడా ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చి ఉంటాడని.

దొంగ అన్నది అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా పరాయి ఇళ్ల తాళాలు తియ్యడం తప్ప అతను వేరే పని ఎరగడు. ఆరేళ్లు జైలు పడింది. వేలిముద్ర వేసి లోపలికి వెళ్లినవాడు, మొదటి ఏడాది తోటి ఖైదీ దగ్గర అక్షరాలు దిద్దుకుని, మిగిలిన అయిదేళ్లూ వేలెడంత పెన్సిలు ముక్కతో నవల రాశాడు. అలాంటి మొండిఘటాన్ని మెచ్చుకోకుండా ఉండటం ఎవరివల్లా కాదు. లోపల కాగితాలు దాచుకోనివ్వరు కనక వారానికొక ఉత్తరంగా చెల్లెలికి పంపేవాడు. జైల్లో ఉత్తరాలు చూసే గుమాస్తా ప్రతిదీ చదివి, కూడదనుకున్న చోటల్లా నల్లసిరా పూసి పంపేవాడు. ఖైదీలు అతనికి సిరాబుడ్డి అని పేరు పెట్టారు. చెల్లెలు ఆ నలుపు వదిలేసి, మిగిలిందంతా నోటుపుస్తకంలోకి శుభ్రంగా ఎక్కించింది. అదే అచ్చయింది. రోజంతా కుట్టుమిషను తొక్కే ఆ పిల్ల అయిదేళ్లలో ఒక్క వారం కూడా తప్పలేదు.

“ఏమన్నాడన్నయ్యా?” అంది ఆమె, అతను గుమ్మంలోకి రాగానే.

“ఏమంటాడు! నా మంచి రాతంతా ఆ సిరాబుడ్డి మింగేశాడే. ఇప్పుడు నా దగ్గర పిప్పి మిగిలింది. ఉత్తరాల కట్ట తియ్యి. ఆయన ఇల్లు కనుక్కున్నాను.”

“వెళ్లి కొడతావా ఏంటి?”

“అడుగుతాను. ఆ నలుపు కింద ఏముందో నాకే సరిగ్గా గుర్తులేదు. చదివినవాడు ఆయనొక్కడే.”

కొడతాడేమోనన్న భయంతో ఆమె కూడా బయల్దేరింది.

సిరాబుడ్డి రిటైరై రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. వాళ్లు వెళ్లేసరికి చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. వచ్చిందెవరో గుర్తుపట్టి, సూది పట్టుకునే లేచి నిలబడ్డాడు.

“నువ్వా బాబూ! రా, కూర్చో. నువ్వూ కూర్చో అమ్మా.”

చెల్లెలు కూర్చుంది. అతను కూర్చోలేదు. ఉత్తరాలు మంచం మీద పరిచాడు.

“ఇది చూడండి. జైలు గోడ ఎంత ఎత్తో రాశాను, సిరా పూయకుండా వదిలేశారు. తాళాలగుత్తి ఏ మేకుకు తగిలిస్తారో రాశాను. తాళాలు తీసేవాణ్ణి నేను, అయినా వదిలేశారు! కాపలావాడు ఎప్పుడు కునుకు తీస్తాడో రాస్తే అదీ వదిలేశారు. వాన మీద అరపేజీ రాస్తే మాత్రం నల్లగా పూసి పెట్టారు. వాన మీ జైలుకేం ద్రోహం చేసిందండీ?”

చెల్లెలికి నవ్వొచ్చి మొహం తిప్పుకుంది.

“హీరో తల్లి పోయినప్పుడు వాడి ఏడుపు కాగితానికి రెండు వైపులా రాశాను. ‘అమ్మ చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి’ అన్న ఒక్క ముక్క మిగిల్చారు!”

“అక్కడే కదన్నయ్యా చదివినవాళ్లంతా ఏడ్చింది.”

“నువ్వూరుకో.”

ముసలాయన అతని చంకలోని కొత్త నవల కట్ట అందుకుని రెండు పేజీలు తిరగేశాడు. మూడో పేజీ దగ్గర చెయ్యి పెన్ను కోసం జేబులోకి వెళ్లబోయి, ఆగిపోయింది.

“ఇదెవరైనా చూశారా బాబూ?”

“ఎవరికీ చూపించలేదు. ఎవరి చెయ్యీ పడకుండా స్వేచ్ఛగా రాసుకున్నది.”

“ఆఁ, తెలుస్తోంది,” అన్నాడు ముసలాయన, కట్టను జాగ్రత్తగా పక్కన పెడుతూ.

“చూడండి సార్, తగువుకు రాలేదు నేను. ఏ రూలు కింద పూశారో చెప్పండి చాలు. అదేదో తెలిస్తే అక్కడ నేనేం రాసి ఉంటానో నాకే తడుతుంది. మళ్లీ అలా రాసి, ఆ పుస్తకమూ నాదే, ఇదీ నాదేనని నిరూపిస్తాను. తాళాలు తీశాను, దొంగ అన్నారు, పడ్డాను. ఆ నవలకి మాత్రం నన్ను దొంగ అంటే పడలేను.”

అతను చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. పట్టుబడ్డ రోజున కూడా కంటతడి పెట్టని మనిషి అతను. చెల్లెలు లేచి వచ్చి అన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది.

ముసలాయన వెళ్లి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“ఉద్యోగంలో ఉండగా చేసిన పని. ఇప్పుడు బయటపడితే పింఛను ఆపేస్తారేమో.”

“నేనెవరికీ చెప్పను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“రూలు లేదు బాబూ. ఏ రూలూ లేదు.”

“రూలే లేకుండా అయిదేళ్లు నా రాత మీద సిరా పోశారా? మరెందుకు?”

ముసలాయన తల దించుకున్నాడు.

“అవి బాగాలేవు.”