రెండు బొమ్మల మధ్య

బెల్ మోగింది. మాస్టారు తలుపు తీశాడు.

"పొద్దుననగా ఫోన్ చేస్తే ఇప్పుడా రావడం? రండి, టీవీ లోపలుంది."

గుమ్మంలో నిలబడ్డ మనిషి తడబడ్డాడు. నలభై దాటి ఉంటాయి. చేతిలో సంచీ కూడా లేదు.

"అయ్యా, మీతో ఒకసారి మాట్లాడి..."

"మాటలు తర్వాత. ముందు బొమ్మ సంగతి చూడండి."

మాస్టారు డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. నడిపేవాడు అనాలి. కొడుకు పోయినప్పటి నుంచి కార్లు షెడ్డులోంచి కదల్లేదు. మొదట్లో ఏడ్చేవాడు. ఇప్పుడు అదీ లేదు. పెట్టింది తింటాడు, స్నానం చేస్తాడు, టీవీ ముందు కూర్చుంటాడు.

గోడలో సగం ఉంటుంది ఆ టీవీ. ఒకే ఒక్క వీడియో కోసం కొన్నాడు.

రైల్వే స్టేషన్ కెమెరాకి చిక్కిన వీడియో అది. పోలీసులు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. "కాలు జారి పడ్డాడండీ. ఇందులో కేసేం లేదు" అని చేతులు దులుపుకున్నారు.

మాస్టారు రిమోట్ నొక్కాడు.

ప్లాట్‌ఫారం. జనం. అంచుకు దగ్గరగా కొడుకు. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి వీపు మీద పడింది. కొడుకు ముందుకు పోయాడు. రైలు వచ్చేసింది.

"చూశారుగా? తోసేశాడు." ఆ గొంతులో కోపం లేదు. రైళ్ళ రాకపోకలు చెప్పే మైకులా ఉంది. "మొదట బొమ్మ తెగి తెగి వచ్చేది. ఏదో సెట్టింగ్ మారిస్తే నూనె రాసినట్టు నున్నగా వచ్చింది. కానీ వాడి మొహం మాత్రం అలికేసినట్టే ఉంది. నాకా మొహం కావాలి. మొహం దొరికితే పోలీసులు కేసు పెట్టక ఏం చేస్తారు?"

వచ్చినతను సోఫా అంచున కూలబడ్డాడు.

"మంచినీళ్ళు తాగండి" అంటూ మాస్టారి భార్య వంటింట్లోంచి వచ్చింది. టీవీ వైపు చూడకుండా ఆ గదిలో తిరగడం ఆమెకు అలవాటైపోయింది. అతను గ్లాసు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టాడు.

"సరిగా కనపడలేదా? ఇంకోసారి వెయ్యనా?"

"వద్దు!" గబుక్కున అన్నాడతను. తర్వాత మెల్లగా, "ఆ రిమోట్ ఇలా ఇస్తారా?"

మెనూలో వెతుక్కుంటూ ఏదో నొక్కాడు. తెర మీద భాష మారిపోయింది. కంగారుగా వెనక్కి తెచ్చాడు.

"ఉద్యోగానికి కొత్తా?"

"మా ఇంట్లో టీవీ కూడా ఇలాగే చేసిందండీ. అందుకని తెలుసు."

"భేష్. మెకానిక్ ఇంట్లోనే దిక్కులేదన్నమాట."

అతను నవ్వలేదు. "ఈ కెమెరా క్షణానికి కాసిని బొమ్మలే తీస్తుందండీ. అందుకే తెగి తెగి కనిపిస్తుంది. మీరు పెట్టిన సెట్టింగ్ ఏం చేస్తుందంటే, రెండు బొమ్మల మధ్య ఖాళీలో తనే బొమ్మలు కల్పించి ఇరికిస్తుంది. మీరు చూసిన తొయ్యడం టీవీ కల్పించింది. కెమెరా దాన్ని తియ్యలేదు."

సెట్టింగ్ తీసేసి, వీడియోని ఒక్కో బొమ్మే జరిపాడు.

చెయ్యి. వీపు. పిడికిలి. పిడికిట్లో చొక్కా.

"చూడండయ్యా. ఇది తొయ్యడం కాదు, పట్టుకోవడం."

మాస్టారు మొదటిసారి అతని కళ్ళల్లోకి చూశాడు.

"స్టీరింగ్ మీద ఎవరి చెయ్యి ఎటు పోతుందో ముందే కనిపెట్టి ఇన్నేళ్ళు బతికాను. చెయ్యి గురించి నువ్వు నాకు చెబుతావా?"

"ఇంకొక్క బొమ్మ జరపనివ్వండి. అందులో..."

"నిన్ను పోలీసులు పంపారు కదూ? కేసు ఊసెత్తకుండా నా నోరు మూయించమని?" మాస్టారు రిమోట్ లాక్కున్నాడు. "లే. బయటికి నడు."

"నేను మీ అబ్బాయిని..."

"నా కొడుకు మాట ఎత్తకు. నడు!"

అతను వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"ఏమండీ, ఆయన ఏడుస్తున్నాడు" అంది భార్య.

"చేతకాక."

మాస్టారు పాత సెట్టింగే మళ్ళీ పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి వచ్చింది. తోసింది. చెయ్యి వచ్చింది. తోసింది. లోపల ఏమీ కదల్లేదు.

కాసేపటికి మళ్ళీ బెల్.

ఈసారి మెడలో కార్డు, భుజాన సంచీ. "సారీ సార్, లేటైంది. టీవీ కంప్లైంట్ మీదేనా?"

"ఇందాకే మీవాడొకడు వచ్చి ఏడిపించి పోయాడుగా!"

"మావాడా? ఈ చుట్టుపక్కల మొత్తానికి నేనొక్కడినే సార్. ఇంకొకడు ఉండుంటే నేను వేళకి అన్నం తినేవాణ్ణి."

మాస్టారు పక్కకి జరిగి దారిచ్చాడు. మెకానిక్ టీవీ వైపు ఓ చూపు విసిరి, రిమోట్ తీసుకుని టకటకా నొక్కాడు.

"ఇదెవరు పెట్టారు సార్? మంచి సినిమాని కూడా డైలీ సీరియల్ చేసి పారేస్తుంది. లేనివన్నీ పుట్టిస్తుంది. ఇప్పుడు చూడండి, ఉన్నదే కనిపిస్తుంది."

ఒక్కో బొమ్మే జరిపాడు. చెయ్యి. వీపు. పిడికిలి.

మెకానిక్ అక్కడే ఆపి, రిమోట్ బల్ల మీద పెట్టబోయాడు.

"ఇంకొక్కటి జరుపు" అన్నాడు మాస్టారు.

భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కూడా టీవీ వైపే చూస్తోంది.

బొమ్మ జరిగింది.

కొడుకు చొక్కాని రెండు చేతులా ఒడిసిపట్టి, మడమలు నేలకి తన్నిపెట్టి వెనక్కి లాగుతూ, సాయం రమ్మని జనం వైపు తల తిప్పి గొంతు చించుకుంటున్న ఆ మనిషి, ఇందాక తను ఇంట్లోంచి గెంటేసినవాడే.