స్లిప్‌లో ఫాస్ట్ బౌలర్

“ముందు ఆ గడియారం దింపెయ్!” అని అరిచారు మామగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

టీ కప్పులతో వస్తున్న కొత్త కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

“గడియారం ఏం చేసిందండీ పాపం?” అంది అత్తగారు.

“అది కాదు, దాన్నిచ్చినవాడు చేస్తున్నాడు! మూడొందల యాభై పరుగులు ముందున్నాం. ఇవాళ ఆఖరి రోజు. ఇంకా బ్యాటింగేమిటి ఆ పిరికిగొడ్డు కెప్టెన్‌కి? డిక్లేర్ చేసి కొత్త బంతి మన చిన్నోడి చేతిలో పెట్టొద్దూ?”

చిన్నోడంటే ఆయన కొడుకు. ఆరడుగుల ఫాస్ట్ బౌలర్. ఇదే మొదటి టెస్టు, అదీ సొంత ఊళ్ళో. మొదటి ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ రాణిస్తే విదేశీ పర్యటనకు చోటు ఖాయమని పేపర్లు రాశాయి. అయినా మామగారు గ్రౌండ్ ఛాయలకు పోలేదు. తను వెళితే కొడుక్కి వికెట్లు పడవని ఆయన నమ్మకం.

గడియారం కెప్టెన్ ఇచ్చిన పెళ్ళికానుక. నిన్న సాయంత్రం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు చిన్నోడు దాన్ని గోడకు తగిలించబోయి ఆగి, “నువ్వే పెట్టు. నీ చెయ్యి మంచిది” అన్నాడు భార్యతో. ఆరడుగుల మనిషి కింద స్టూలు పట్టుకుని నిలబడితే, అతని భుజం దాకా కూడా రాని ఆమె ఎక్కి తగిలించింది. గంటకోసారి అందులోంచి పిట్ట బయటికొచ్చి కూస్తుంది. మొదటి కూతకు ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఇప్పుడా పిట్ట కూసింది. మామగారు దానికేసి గుడ్లురిమి చూశారు.

“ఏమ్మా, పెళ్ళిలో ‘ఏ కష్టమొచ్చినా ఈ అన్నయ్యకు ఒక్క ఫోన్ కొట్టు చెల్లెమ్మా’ అన్నాడుగా మహానుభావుడు! కొట్టు. కొట్టి, డిక్లేర్ చెయ్యమని చెప్పు!”

“ఆట మొదలయ్యే ముందే వాళ్ళ ఫోన్లు తీసేసుకుంటారు మామయ్యా,” అంది కోడలు, కప్పు ఆయన చేతికిస్తూ.

“మీరు బస్సు నడిపినన్నాళ్ళూ మలుపు మలుపుకీ హారన్ కొట్టేవారుగా. అదీ పిరికితనమేనా?” అంది అత్తగారు.

“నా వెనక బస్సునిండా జనం ఉండేవాళ్ళే!”

“అతని వెనక దేశమంతా ఉంది.”

“నువ్వూరుకో! నీకు క్రికెట్ తెలీదు.”

“బస్సు తెలుసుగా.”

భోజన విరామం తర్వాత, ఆధిక్యం నాలుగొందలు దాటాక, కెప్టెన్ డిక్లేర్ చేశాడు. మామగారు సోఫా అంచుకు జరిగారు. కొత్త బంతి చిన్నోడికి రాలేదు. పాత బౌలర్లిద్దరూ పంచుకున్నారు. ఆ తర్వాత స్పిన్నర్లు వచ్చారు. చిన్నోడు స్లిప్‌లో నిలబడి ఉన్నాడు.

“స్లిప్‌లోనా!” కప్పు బల్లకేసి కొట్టినంత పని చేశారు మామగారు. “పరుగెత్తి పరుగెత్తి బంతి వేసేవాణ్ణి గుడి ముందు ద్వారపాలకుడిలా నిలబెట్టాడు! గొడ్డలి మూలన పెట్టి చెట్టును గోళ్ళతో గీకుతున్నాడు! వీడు మన కెప్టెనా, వాళ్ళ కెప్టెనా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?”

కోడలి చేతిలో ట్రే జారబోయింది. పట్టుకుంది.

“నువ్వు మాట్లాడవేమ్మా? అన్నయ్యని తిట్టడానికి నోరు రాదా?”

“పిరికివాడే మామయ్యా,” అంది ఆమె నేలకేసి చూస్తూ.

ఎనిమిది వికెట్లు పడ్డాయి. తొమ్మిదోది పడలేదు. ఆఖరి గంటంతా వాళ్ళ బౌలర్లిద్దరు బ్యాట్లు అడ్డంపెట్టి గడిపేశారు. తెర మీద చిన్నోడు రెండుసార్లు కెప్టెన్ దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపాడు. కెప్టెన్ రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడు. రెండోసారి గ్యాలరీలన్నీ ఈలలతో గోలపెట్టాయి.

మ్యాచ్ డ్రా.

విలేకరులు కెప్టెన్‌ను చుట్టుముట్టారు. “ఐదు వికెట్లు తీసినవాడికి ఒక్క ఓవరైనా ఎందుకివ్వలేదు?”

“కారణం చెప్పను. తప్పయితే నాదే,” అన్నాడు కెప్టెన్.

“ఎంత కొవ్వు! ఎంత కొవ్వు!” మామగారు సోఫాలోంచి లేచారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నా కొడుకు నోటికాడ ముద్ద లాక్కున్నాడే!” టీవీ కట్టేసి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయారు.

కోడలి ఫోన్ మోగింది. ఆమె బాల్కనీలోకి వెళ్ళింది.

“చూశావా?” భర్త కోపంగా అరిచాడు. “బతిమాలుకున్నాను తెలుసా! ఎందుకివ్వవో చెప్పమంటే ‘అడక్కు’ అంటాడు. ఆ గడియారం ఇంకా గోడమీదే ఉందా? వచ్చి నేనే పీకి పారేస్తాను!”

“ఏ చేత్తో?” అంది ఆమె మెల్లగా.



“నీకు... ఎలా తెలుసు?”

“ఆరడుగుల మనిషివి. మేకు దాకా చెయ్యి ఎత్తలేక నన్ను స్టూలెక్కించావు. ఆ భుజంతో బంతి ఎలా వేద్దామనుకున్నావు?”

“ఇంజెక్షన్ చేయించుకుని వేసేవాణ్ణి. తెగితే తెగేది! మళ్ళీ ఛాన్స్ వస్తుందో రాదో.” అతని గొంతు తగ్గింది. “చూడు, నీకు దండం పెడతాను. నాన్నకు చెప్పకు. కెప్టెన్‌కు అసలు తెలియకూడదు. నా మీద ఒట్టు, చెప్పనను.”

లోపల గోడమీద పిట్ట కూసింది.

“చెప్పనులే,” అందామె.

పొద్దున్నే, వాళ్ళ ఫోన్లు తీసేసుకోకముందే, అన్నయ్యకు చెప్పేసింది.