మూడో ఏడు వాయిదా

నాకు అన్నిటికంటే భయం మా ఫ్లాటు అప్పుకి మూడో ఏడు రావడం. మొదటి రెండేళ్ళు వడ్డీ తగ్గించారు, అందుకని వాయిదా తక్కువ. వచ్చే నెల నుంచి మొత్తం కట్టాలి.

బర్మాలో మా యాంగోన్ ఊరంతా సైన్యం మీద తిరగబడింది. ఏటి అవతల ఫ్యాక్టరీల పేట లైంగ్‌థార్యార్‌లో కాల్పులట, మూడు రోజులుగా ఫోన్లు పలకడం లేదు. అక్కడ ఒంటరిగా ఉన్న వాళ్ళమ్మను తెస్తానని మా ఆయన హరి చెప్పులేసుకున్నాడు. అత్తకి ఇక్కడ చోటు లేదని ఫ్లాటు కొన్ననాడే చెప్పాను. బిడ్డనెత్తుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"తెచ్చి ఏటి పెడతావు? పెరిగిన వాయిదా మీ అమ్మ కడతాదా?"

"ఈ రెండేళ్ళూ సగం కట్టిందెవరనుకున్నావు, కెరెన్?"

"ఫ్లాటు అమ్మినోళ్ళు కదా వడ్డీ తగ్గించారు!"

"వాళ్ళెందుకు తగ్గిస్తారే? ఆ తగ్గిన వడ్డీ అమ్మే ముందుగా బ్యాంకులో కట్టేసింది. ఫ్యాక్టరీలో బట్టలు కుట్టి దాచుకున్నదంతా. నీకు చెప్పొద్దంది."

"ఎందుకు?"

"తెలిస్తే కోడలు మొగమాటానికి రమ్మంటాదేమో అంది."

నేను పక్కకి జరిగాను. హరి వెళ్ళి, సాయంత్రానికి ఒక్కడే తిరిగొచ్చాడు. ఏటి మీద వంతెన మూసేశారట.

మీలో ఎవరైనా అటు వెళ్తే, కుట్టు ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో మా అత్త అప్పాయమ్మ ఎలా ఉందో చూడండి. కోడలు రమ్మంటోందనీ, మొగమాటానికి కాదనీ చెప్పండి.