ఒరిగిన శ్రీ

"చెడిపోయిన ఫ్లాపీలు ఏమన్న ఉన్నయా, బిడ్డా?"

ముసలాయన సైకిల్‌కు స్టాండు వేసి దుకాణం మెట్టెక్కాడు.

కల్యాణ్‌కు ఒళ్లు మండింది. సమయం సందర్భం చూసుకోకుండా వచ్చాడు మహానుభావుడు!

అది 2003. గండిపేట దాటి పట్నంలో అడుగు పెడితే చాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎదురొచ్చి దండ వేస్తుందని కుర్రకారు నమ్ముతున్న కాలం. కల్యాణ్ మాత్రం చేవెళ్ల బస్టాండు ఎదురుగా కంప్యూటర్ పెట్టుకుని పెళ్లిపత్రికలు చేస్తున్నాడు. అతని దుకాణం అక్షరాలంటే మొయినాబాదు దాకా పేరు.

ఆ పేరంతా ఒక్క ఫ్లాపీ చలవ. అది పెడితేనే తెర మీదికి తెలుగు వస్తుంది. నకలు తీద్దామంటే కుదరదు. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఈ వానలకు ఆ ఫ్లాపీకి కాస్తా బూజు పట్టింది. అవతల అంజిలయ్య బిడ్డ పెళ్లిపత్రికలు సాయంత్రానికల్లా ఇవ్వాలి.

"చెడిపోయినవి సంచెడున్నయ్ తాతా. మంచిదొక్కటుండె, అదీ పోయింది," అన్నాడు ఏడవలేక నవ్వుతూ.

"ఏదీ, జర చూపియ్."

ముసలాయన ఫ్లాపీ రేకు జరిపి లోపలికి చూశాడు.

"సబ్బునీళ్లు కావాలె."

"ఎందుకు?"

"కడగనీకి."

"ఫ్లాపీని బట్టల్లెక్క ఉతుకుతవా తాతా?"

ముసలాయన చాకుమొనతో ప్లాస్టిక్ తొడుగు విప్పి, పల్చటి నల్ల బిళ్లను బయటికి తీశాడు. కల్యాణ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. అతని బతుకుతెరువంతా ఆ రెండు వేళ్ల మధ్య వేలాడుతోంది మరి!

బిళ్లను సబ్బునీళ్లలో ముంచాడు. వేలికొసతో బూజు వదిలించాడు. మంచినీళ్లలో జాడించి, మెత్తటి గుడ్డతో అద్ది, బాగా ఆరనిచ్చి, వేరే ఫ్లాపీ తొడుగులో పెట్టి మూశాడు.

"ఇప్పుడు పెట్టు."

కంప్యూటర్ గరగరమంది. పత్రిక నెత్తిన శ్రీ ప్రత్యక్షమైంది.

కల్యాణ్‌కు ముసలాయన చేతులకు దండం పెట్టాలనిపించింది.

"నీకేం గావాలె తాతా?"

"ముందుగాలనే అడిగిన గద. పనికిరాని ఫ్లాపీలు."

సంచెడూ ఇచ్చేశాడు. ముసలాయన అక్కడే బెంచీ మీద కూర్చుని, ఒక్కో ఫ్లాపీ మూలనున్న బొక్కకు టేపు అంటించసాగాడు.

"గదేంది?"

"నా కంప్యూటర్ నాలెక్కనే ముసల్ది. బొక్క మూస్తెనే, ఇది తన కాలపుదనుకొని తీసుకుంటది."

కల్యాణ్ పకపకా నవ్వాడు.

పోతూ పోతూ ముసలాయన పత్రిక కేసి చూశాడు.

"గీ శ్రీ జర ఎడమకు ఒరిగింది, బిడ్డా."

కల్యాణ్‌కు చురుక్కుమంది. "ఫ్లాపీలు కడుగుడు నీకెరుక తాతా. అచ్చరాల సంగతి నీకేం దెలుసు?"

"నిజమే," అని నవ్వి సైకిలెక్కాడు ముసలాయన.

ఆయన పేరేమిటో కూడా కల్యాణ్ అడగలేదు.

నెల తిరిగింది. ఎంకపల్లి నుంచి ప్రేమజ్యోతి అనే ఆవిడ వచ్చింది.

"అన్నా, మా బాపు సాముయేలు పోయిండు. సంస్మరణ కూడికకు కార్డులు కొట్టియ్యాలె."

సంచిలోంచి ఒక ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టింది. "గిది నీకియ్యమన్నడు. పాణం బాగలేకున్నా నెలంత గిదే పని."

ఫ్లాపీ మూల టేపు అంటించి ఉంది. అంటే, ఆనాడు ఫ్లాపీ కడిగిన ముసలాయనే ఈ సాముయేలు!

కల్యాణ్ దాన్ని కంప్యూటర్‌లో పెట్టాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క అక్షరం, శ్రీ. పాత శ్రీ పక్కన పెట్టి చూశాడు. కొత్తది నిటారుగా నిలబడింది. పాతది నిజంగానే ఒరిగి ఉంది. అయిదేళ్లుగా పొద్దస్తమానం చూస్తున్నా అతని కంటికి ఆనలేదు.

పాతది తీసేసి కొత్తది పెట్టాడు. కార్డు మీద మొదటి వరుస కొట్టాడు: శ్రీ సాముయేలు గారి సంస్మరణ కూడిక.

"ఎవ్వరికీ కనబడని వంకర, ఆయనకెట్ల కనబడ్డదమ్మా?"

ప్రేమజ్యోతి కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఎందుకు కనబడదన్నా, నీ దుకాణంల ఉన్న అచ్చరాలన్నీ పద్నాలుగేండ్ల కింద ఆ ఫ్లాపీ కంపెనోళ్ల కోసం మా ఇంట్ల కూసోని, గళ్ల కాయితం మీద బాపు గీసినవే."