రెండో తుమ్ము

దుర్గాప్రసాద్ కుడికాలు గడప దాటిందో లేదో, వెనకనించి వాళ్ళమ్మ భద్రమ్మ తుమ్మింది. గట్టిగా, ఒక్కటే తుమ్ము.

వాకిట్లో కారు ఇంజన్ ఆగిపోయింది. దుర్గాప్రసాద్ సన్నాయికి జోడుగా డోలు వాయించే సత్యం కారు దిగి, మాస్కు ముక్కు మీదికి లాక్కుని, ఇంకోటి వచ్చిందా అని అడిగాడు. రాలేదని దుర్గాప్రసాద్ భార్య ధనశ్రీ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడే రావాలా అమ్మా నీకు?" పాస్‌పోర్టు ఉన్న సంచీ అరుగు మీద పడేశాడు దుర్గాప్రసాద్.

"కావాలని తుమ్ముతానట్రా? పోపులో మిరపకాయ మాడింది."

నిజంగానే మాడింది. కానీ నమ్మేదెవరు? మలేషియా మాట వచ్చిన దగ్గర్నించీ భద్రమ్మ ఇంట్లో ఎవర్నీ కుదురుగా ఉండనివ్వలేదు. విమానంలోనే కరోనా అంటుకుంటుందంది. పాస్‌పోర్టు లాక్కుని వెట్టిచాకిరీ చేయిస్తారంది. అక్కడి నీళ్ళకి పళ్ళూడిపోతే సన్నాయి ఏ నోటితో ఊదుతావంది.

పదకొండింటిలోగా బెజవాడలో ఏజెంటు దగ్గర సంతకాలు పెట్టకపోతే మలేషియా గుడిలో మేళం పని వేరేవాళ్ళకి పోతుంది. ఇక్కడ చూస్తే దేశం దేశమంతా పనుల్లేక కూచుంది. పెళ్ళిళ్ళకి జనాన్ని తగ్గించమన్నారో లేదో, అందరూ ముందు సన్నాయిమేళాన్నే మానేశారు. పది నెలలుగా దుర్గాప్రసాద్ ఆటోనగర్‌లో లారీ సామాన్లు డీజిల్‌తో కడుగుతున్నాడు.

తుమ్మూ లేదు గిమ్మూ లేదు, బయల్దేరమంది ధనశ్రీ. సత్యం ససేమిరా అన్నాడు. ఊళ్ళోవాళ్ళ ముహూర్తాలకి అపశకునం వినపడకుండా గట్టిమేళం వాయించేవాళ్ళం, మనమే ఒంటి తుమ్ము మీద మూడేళ్ళ ఒప్పందానికి వెళ్తామా అన్నాడు. ఒంటి తుమ్ము కీడు, జంట తుమ్ము మేలు. రెండోది పడితే దోషం పోతుంది. అదీ ఆవిడే తుమ్మాలి.

"తుమ్మండత్తయ్యా," అంది ధనశ్రీ.

"వస్తే తుమ్మనా?"

కొంగు చివర మెలిపెట్టి ముక్కులో పెట్టుకోమన్నారు. పెట్టుకుంది. రాలేదు. ఎండలోకి లాక్కొచ్చి సూర్యుణ్ణి చూడమన్నారు. చూపు పోతుందేమోనని గొణుక్కుంటూనే చూసింది. కళ్ళు కారాయిగానీ తుమ్ము రాలేదు. ధనశ్రీ పరిగెత్తుకెళ్ళి పక్కింటాయన ముక్కుపొడుం డబ్బా పట్టుకొచ్చింది. ఎవరెవరు వేళ్ళు పెట్టారో, అందులోంచి కరోనా రాదని ఏంటి నమ్మకం అని భద్రమ్మ ఆ డబ్బా ముట్టుకోలేదు.

"తొమ్మిదిన్నర దాటింది పిన్నీ. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు అడ్డమొస్తే ఇక అంతే సంగతులు," అన్నాడు సత్యం.

"రాక కాదురా, బిగబట్టుకుని కూచుంది," అన్నాడు దుర్గాప్రసాద్. "నన్ను కదలనివ్వదు. నేను ఇక్కడే డీజిల్లో నానుతూ చావాలి. అదీ ఈవిడకి కావాల్సింది."

భద్రమ్మ అరుగు మీద కూచున్న కొడుకు చేతుల వంక చూసింది. గోళ్ళ సందుల్లో నలుపు ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు.

"ఆ డబ్బా ఇటియ్యవే," అంది కోడలితో.

కరోనా మాట మర్చిపోయి, చిటికెడు కాదు, వేలెడు పొడుం తీసి రెండు ముక్కుల్లోకీ ఎక్కించింది. మొహం ఎర్రబడింది. ముక్కుపుటాలు అదిరాయి. నోరు తెరుచుకుంది.

"వస్తోంది, వస్తోంది," అంటూ సత్యం కారు దగ్గరికి పరిగెత్తాడు. ధనశ్రీ సంచీ అందుకుంది. రెండోది పడితే ఇక వెళ్ళక తప్పదు.

దుర్గాప్రసాద్ ఒక్క గెంతులో అరుగు దిగి, సన్నాయి రంధ్రం మూసినంత ఒడుపుగా తల్లి ముక్కు మూసేశాడు.