చెయ్యి ఊపని మనిషి

మూడోసారి కూడా ఆ ముసలాయన వల్లనే షాట్ పాడయింది.

విమానం కదలగానే మెకానిక్కుల వేషంలో ఉన్న మిగతా నలభై మందీ చేతులు ఊపారు. ఆయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకొని కొయ్యబారి నిలబడ్డాడు.

దర్శకుడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

యుద్ధంలో విమానం నడుపుతూ వెళ్లి తిరిగిరాని ఒక మహిళా పైలట్ తన ప్రియుడికి రాసి, పంపకుండా దాచుకున్న ఉత్తరాలే ఈ చిత్రానికి ఆధారం. వాటిలో ఆ ప్రియుడి పేరు లేదు. చివరి రోజున ఇద్దరూ ఎలా విడిపోయారో చెప్పే ఉత్తరమూ లేదు. రెండేళ్లు వెతికి వేసారిన దర్శకుడు ఆ వీడ్కోలును తానే ఊహించి రాసుకున్నాడు. ప్రియుడైన యువ అధికారి కౌగిలి, కన్నీళ్లు, గాలిలో ఊగే చేతులు. ఆ ఒక్క ఘట్టం నిజమనిపించకపోతే చిత్రమే దండగని అతడి బెంగ.

అద్దెకు తెచ్చిన విమానం ఆ సాయంత్రమే వెళ్లిపోతుంది.

"ఏమయ్యా పెద్దాయనా, చేతులకు మేకులేమైనా కొట్టారా?"

"రన్‌వే పక్కన చెయ్యెత్తితే ఆగమని అర్థం బాబూ. ఆవిడ ఇంజన్ ఆపేస్తుంది."

"ఆపదులే. ఇక్కడ ఎవరైనా ఆగేది నేను కట్ అంటేనే!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మరి వెళ్లొస్తానని ఎలా చెప్పుకుంటారు తాతగారూ?" అని కాక్‌పిట్‌లోంచి తొంగిచూస్తూ అడిగింది కథానాయిక.

"చెప్పుకునేవన్నీ ముందే చెప్పేసుకోవాలమ్మా. చక్రం కదిలాక చెయ్యి ఆడకూడదు, ఎంత ప్రాణం కొట్టుకున్నా సరే."

ఆమె దర్శకుడి వైపు తిరిగింది.

"సర్, ఒక్కసారి అలా తీసి చూద్దామా?"

"ఇది ప్రేమకథ తల్లీ, మరమ్మతుల షెడ్డు కాదు." దర్శకుడు సహాయకుడి వైపు తిరిగాడు. "ఆయన్ని మర్యాదగా పంపించెయ్."

ముసలాయన వాదించలేదు. వేషం విప్పి, మడతపెట్టి ఇచ్చి, గేటు వైపు నడిచాడు.

నాలుగో టేకు దివ్యంగా వచ్చింది. చప్పట్లు మారుమోగాయి. విమానం వెళ్లిపోయింది.

పొద్దువాలుతుండగా, ఉత్తరాలు ఇచ్చిన ఆ పైలట్ చెల్లెలు ఆదరాబాదరాగా వచ్చింది.

"క్షమించండి, నా రైలు ఆలస్యమైంది. ఆయన దొరికారండీ!"

"ఎవరు?"

"అక్క ఆ ఉత్తరాలు రాసుకుంది ఆయనకే! ఆనాటి వీడ్కోలు సంగతి అడిగితే, నోటితో చెప్పలేనన్నారు."

దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. "ఎక్కడున్నారు? పదండి, ఇప్పుడే వెళ్దాం!"

"వెళ్లడమెందుకండీ? గుంపులో ఓ మూల చోటు దొరికితే ఆ రోజు తాను ఎలా నిలబడ్డారో అలాగే నిలబడి చూపిస్తానని పొద్దున బండికే బయల్దేరి ఇక్కడికే వచ్చారు, చూశారు కదా?"